కంట్లో సిఫిలిస్ అన్నారంటే చూపు పోయినట్టు కాదు, కానీ ఆలస్యం చేయకండి

మీరు రాసిన విషయం ఇదీ. మీ అన్నయ్యకి 34 ఏళ్లు, సూరత్‌లో పవర్‌లూమ్ పని. అక్కడుండగానే ఎడమ కన్ను ఎర్రబడి మసకేసింది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కల మందు వేసుకుంటే ఎరుపు తగ్గింది గానీ చూపు ఇంకా తగ్గింది, తర్వాత కుడి కన్ను కూడా మొదలైంది. నెల కిందట పర్లాకిమిడి వచ్చేశాడు. కంటి డాక్టరు చూసి యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు, అని చెప్పి రక్తపరీక్షలు రాశారు, సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ 1:64 రియాక్టివ్, దాన్ని ఖాయం చేసే టీపీహెచ్ఏ పాజిటివ్ వచ్చాయి. 14 రోజులు అడ్మిట్ అయి పెన్సిలిన్ చేయించుకోమన్నారు. ఒంటి మీద ఎప్పుడూ పుండే లేదు, ఇదెలా వచ్చింది, చూపు తిరిగొస్తుందా, ఇంట్లోనే ఉండి మాత్రలతో కానివ్వచ్చా, ఐదో నెల గర్భంతో ఉన్న వదినకి ఏమైనా అవుతుందా అని మీ ప్రశ్నలు.

నేను కంటి డాక్టర్ని, రాయగడ, గుణుపురం వైపు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ జబ్బు చూస్తూనే ఉన్నాను. మిగతావన్నీ తర్వాత, ముందు ఒక్క మాట: మీ డాక్టరు చెప్పింది సరైనదే, అడ్మిషన్ రేపటికి రేపు చేయించండి. వేరేచోట ఇంకొకరికి చూపించి, వాళ్లేమంటారో చూసి, పండగ వెళ్లాక చూద్దాం అనుకునే జబ్బు కాదిది. సిఫిలిస్ వల్ల తగ్గిన చూపు చాలామందికి బాగానే తిరిగొస్తుంది, మిగతా చాలా కంటి జబ్బుల్లో నేను ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పలేను. కానీ ఆ తిరిగి రావడం అనేది ఎన్ని వారాలు నానబెట్టారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

పుండు సంగతి. సిఫిలిస్ ముఖ్యంగా శారీరక కలయికతో సోకే సుఖవ్యాధి. సోకాక సగటున మూడు వారాలకి, 10 నుంచి 90 రోజుల లోపు ఎప్పుడైనా, క్రిమి దూరిన చోట ఒక పుండు లేస్తుంది. దానికి నొప్పి ఉండదు, చీము కారదు. పురుషాంగం ముందు చర్మం కింద, మలద్వారం దగ్గర, నోట్లో, గొంతులో లేస్తే మనిషికి తెలియనే తెలియదు, తెలిసినా ఏదో వేడి చేసిందనుకుంటాడు. మూడు నుంచి ఆరు వారాల్లో మందేమీ లేకుండా దానంతటదే మానిపోతుంది. అంటే జబ్బు పోయిందని కాదు, క్రిమి అప్పటికే రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందని అర్థం. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద దద్దుర్లు, గొంతు నొప్పి, సన్న జ్వరం, బిళ్లలు కట్టడం, జుట్టు రాలడం ఉండొచ్చు, లేకపోవచ్చు. కంటికి రావడానికి మాత్రం ఒక దశంటూ లేదు, మొదటి నెలల్లోనూ రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. కాబట్టి పుండు లేదన్న మాటతో మీ అన్నయ్య అబద్ధం చెబుతున్నాడనీ అనుకోవద్దు, రిపోర్టు తప్పనీ అనుకోవద్దు.

కంట్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మందు ఎందుకంత పెద్ద డోసులో ఇస్తారో అప్పుడే అర్థమవుతుంది. సిఫిలిస్ కంట్లో ఏ భాగాన్నయినా పట్టగలదు. ముందు భాగంలో పడితే కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూడలేరు, నొప్పి ఉంటుంది. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద పెట్టి సన్నటి వెలుగు గీత వేసి చూస్తే, పెంకుటింట్లో పడ్డ ఎండలో దుమ్ము తేలినట్టు, కంటి ముందరి నీటిలో తెల్లకణాలు తేలుతూ కనిపిస్తాయి. ఆ వాపుకి కంటిపాప అంచు వెనకున్న లెన్సుకి అంటుకుపోతుంది, అలా అంటుకుంటే కంటి లోపలి ఒత్తిడి పెరగొచ్చు. మధ్యలో ఉండే విట్రియస్ అనే జెల్లీలో పడితే నల్ల చుక్కలు, తీగలు తేలుతున్నట్టు, పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉంటుంది. వెనక రెటీనా అనే చూపు పొరలో పడితే అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. సరిగ్గా చూపు నడిమధ్యన, మాక్యులా దగ్గర, పసుపు కలిసిన తెల్లటి పెద్ద మచ్చ ఒకటి కనిపించే రకం ఉంది, ఆ మనిషికి ఎదురుగా ఉన్నవాళ్ల మొహం కనపడదు, పక్కనున్న గోడ కనపడుతుంది. కొందరికి రెటీనా రక్తనాళాలు వాస్తాయి, కొందరికి కంటి నరమే వాస్తుంది. నరం వాచినప్పుడు చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు, చూపు మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది, రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అలాంటివాళ్లే అందరికంటే ఆలస్యంగా వస్తారు.

ఏళ్ల తరబడి మందు పడని సిఫిలిస్‌లో కంటిపాపలు చిన్నవై, అంచులు వంకరపోయి, టార్చి వేస్తే కదలవు, దగ్గరి వస్తువు చూడమంటే మాత్రం ఇంకా చిన్నవవుతాయి. 1869లో ఆర్గైల్ రాబర్ట్‌సన్ అనే స్కాట్లండ్ కంటి డాక్టరు దీన్ని వివరంగా రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఇప్పుడు అరుదు. మీ అన్నయ్య దాకా అది రాదు.

ఒక విషయం ఇక్కడ చెప్పాలి. గుణుపురం వైపు నుంచి ఒక డ్రైవరు కుర్రాడు రెండు కళ్లూ మసక అని వచ్చాడు. దగ్గరి చూపు పరీక్షకి అక్షరాల కార్డు చేతికిస్తే, దాన్ని పట్టుకున్న అరచేతుల్లో రాగి రంగు మచ్చలు, దురద లేనివి, అంచున సన్నగా పొలుసు లేచినవి. చెప్పులు విప్పమంటే అరికాళ్లలోనూ అవే. గ్రీజు పట్టి అలా అయిందనుకున్నాడు. అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలుండి కన్ను మసకేసిందంటే సిఫిలిస్ పరీక్ష ఆ రోజే చేయించాల్సిందే. మీ అన్నయ్య చేతులూ కాళ్లూ ఒకసారి వెలుతురులో చూడండి, ఉంటే డాక్టరుకి చెప్పండి.

ఇప్పుడు మెడికల్ షాపు చుక్కల మందు. కన్ను ఎర్రబడిందంటే అడక్కుండానే ఇచ్చేది చాలావరకు స్టెరాయిడ్ కలిసిన మందే. అది వాపుని అణిచి పైన ఎరుపు తీసేస్తుంది, కానీ క్రిమిని చంపదు. ముందు భాగం తెల్లగా అయ్యేసరికి బాగైంది అనుకుంటాం, వెనక రెటీనాలో జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. మీ అన్నయ్యకి సరిగ్గా అదే జరిగింది. నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరగడం, శుక్లం రావడం అదనం. మందుల చీటీ లేకుండా ఆ చుక్కలు అమ్మడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే వారం రోజుల్లో తేలాల్సిన జబ్బు దాని వల్ల రెండు నెలలు దాగుంటుంది. అలాగని స్టెరాయిడ్ ఈ జబ్బులో నిషిద్ధమేమీ కాదు, పెన్సిలిన్ మొదలయ్యాక వాపు తగ్గడానికి కంటి డాక్టరే అది రాయొచ్చు. పెన్సిలిన్ లేకుండా ఒక్క స్టెరాయిడే వాడటం, అందులోనూ మాత్రల రూపంలో వాడటం, ప్రమాదం. ఇప్పుడు వాడుతున్న చుక్కలు మీ అంతట మీరు ఆపేయకండి, సీసా తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

రిపోర్టు నమ్మొచ్చా అన్నారు. మన ప్రాంతంలో ఇది అడగాల్సిన ప్రశ్నే. వీడీఆర్ఎల్ అనేది నేరుగా సిఫిలిస్ క్రిమిని పట్టే పరీక్ష కాదు, మలేరియా, కుష్టు, గర్భం, కొన్ని కీళ్ల జబ్బులు ఉన్నప్పుడు కూడా సిఫిలిస్ లేకుండానే తక్కువ స్థాయిలో రియాక్టివ్ అని రావచ్చు. రాయగడ, కోరాపుట్ మలేరియా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే టీపీహెచ్ఏ చేసి ఖాయం చేసుకుంటాం. మీ అన్నయ్యకి రెండూ పాజిటివ్, పైగా 1:64, అంటే రక్తాన్ని 64 రెట్లు పలచన చేసినా రియాక్టివ్ రావడం, ఎక్కువే, కంట్లో దానికి తగ్గ జబ్బూ ఉంది, ఇక అనుమానం అక్కర్లేదు. దీనికి తిరగబడి ఇంకోటి ఉంది, ఒంట్లో యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే వీడీఆర్ఎల్ తప్పుగా నెగెటివ్ చూపించొచ్చు, అప్పుడు రక్తాన్ని పలచన చేసి మళ్లీ చేయమని లాబ్‌కి చెప్పాలి. పాత సిఫిలిస్‌లో కూడా వీడీఆర్ఎల్ నెగెటివ్ రావచ్చు. అందుకని కారణం తెలియని యువియైటిస్‌కి నేను రెండు పరీక్షలూ కలిపే రాస్తాను. మనవైపు యువియైటిస్ అనగానే టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించడం కూడా జరుగుతుంటుంది, టీబీ కూడా నిజంగానే కారణం కావచ్చు కాబట్టి తప్పు పట్టను, కానీ ఆ మందులు మొదలుపెట్టే ముందు ఈ చవక రక్తపరీక్ష ఒకటి అయిపోవాలి.

కోరాపుట్, మల్కన్‌గిరి వైపు పెద్ద వయసు వాళ్లకి ఇంకో చిక్కు ఉంది. యాస్ అనే చర్మవ్యాధి ఒకప్పుడు అక్కడ బాగా ఉండేది, దేశంలో దాన్ని నిర్మూలించే కార్యక్రమం 1996-97లో మొదలైందే కోరాపుట్ జిల్లాలో. సిఫిలిస్ క్రిమికి దగ్గరి చుట్టం దాని క్రిమి, సుఖవ్యాధి కాదు, పిల్లలకి చర్మం తాకిడితో సోకేది. 2016లో భారత్‌లో యాస్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. చిన్నప్పుడు అది వచ్చినవాళ్లకి ఈ వయసులోనూ టీపీహెచ్ఏ పాజిటివ్ రావచ్చు. కాబట్టి ఊళ్లో ఒక పెద్దాయనకి ఆ రిపోర్టు వచ్చిందని ఆయన నడవడిక మీద మాటలు అనేయకూడదు.

ఇక మాత్రలు. కుదరవు. అజిత్రోమైసిన్‌కి లొంగని సిఫిలిస్ ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. డాక్సీసైక్లిన్ మామూలు సిఫిలిస్‌కి, పెన్సిలిన్ పడని వాళ్లకి వాడతారు గానీ కంటికి దాన్ని నమ్ముకోకూడదు. ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్ అయిన సురక్ష క్లినిక్‌లో పిరుదులకి వేసే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, షాపుల్లో పెనిడ్యూర్ అంటారు, 24 లక్షల యూనిట్లు, ఒంట్లో సిఫిలిస్‌కి అద్భుతంగా పనిచేస్తుంది, కానీ అది నెమ్మదిగా కరిగే మందు, కంటి లోపలికీ మెదడు నీటిలోకీ చాలినంత చేరదు. కన్ను అంటే మెదడుకి కొనసాగింపే కాబట్టి కంటి సిఫిలిస్‌కి మెదడు సిఫిలిస్ వైద్యమే ఇస్తారు. క్రిస్టలైన్ పెన్సిలిన్, రోజుకి కోటీ 80 లక్షల నుంచి 2 కోట్ల 40 లక్షల యూనిట్లు, అంటే ప్రతి నాలుగు గంటలకీ 30 నుంచి 40 లక్షల యూనిట్లు నరంలోకి, 10 నుంచి 14 రోజులు. అర్ధరాత్రి డోసు, తెల్లవారుజామున డోసు, ఏదీ తప్పకూడదు. అడ్మిట్ కావాలనేది ఇందుకే. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ అయినా, ఇటు విశాఖ కేజీహెచ్ అయినా, వెళ్లే ముందు ఇన్ని రోజులకి సరిపడా క్రిస్టలైన్ పెన్సిలిన్ ఉందా అని కనుక్కోండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ కౌంటర్‌లో మందులు ఉచితం, అయినా స్టాకు సంగతి ముందే అడగడం మంచిది. మందు బాగా పాతది, 1943లో అమెరికాలో మొదట నలుగురు సిఫిలిస్ రోగులకి ఇచ్చి చూశారు, ఈ రోజు వరకూ ఈ క్రిమి పెన్సిలిన్‌కి లొంగకుండా పోలేదు.

మొదటి డోసు పడ్డ రోజే చలి, జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు రావచ్చు, కొందరికి కంటి మసక కూడా ఒకటి రెండు రోజులు ఇంకాస్త పెరగొచ్చు. క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్లు చూపించే ప్రతిచర్య అది, చాలావరకు 24 గంటల్లో సర్దుకుంటుంది. ఆ రాత్రి ఇంజెక్షన్ పడలేదని భయపడి మనిషిని ఇంటికి తీసుకొచ్చేసిన కుటుంబాలు ఉన్నాయి. అలా చేయకండి, సిస్టర్‌కి చెప్పండి, డాక్టరు చూస్తారు. నిజమైన ఎలర్జీ వేరు, దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం, అది కొద్దిసేపట్లోనే తెలుస్తుంది. మునుపు ఎప్పుడైనా పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి, సెఫ్ట్రియాక్సోన్ లాంటి ప్రత్యామ్నాయం ఉంది. కంటిపాప అంటుకోకుండా పాపని పెద్దది చేసే చుక్కలు వేస్తారు, వాటితో దగ్గరి చూపు ఇంకా మసకేస్తుంది, ఎండకి కన్ను తెరవలేరు. అది మందు పని, జబ్బు పెరగడం కాదు.

హెచ్ఐవీ పరీక్ష తప్పకుండా చేస్తారు, చేయించుకోవాలి, రెండూ ఒకే దారిన సోకుతాయి కాబట్టి, హెచ్ఐవీ కూడా ఉంటే కంటి జబ్బు తీవ్రంగా ఉండొచ్చు కాబట్టి. ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రం ఐసీటీసీలో ఉచితం. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు నెలలకి మళ్లీ చేయించండి. తలనొప్పి, మెడ పట్టేయడం, ఒక వస్తువు రెండుగా కనపడటం, మూతి వంకర, చెవిలో హోరు, వినికిడి తగ్గడం, వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పమనండి. సిఫిలిస్ చెవినీ పడుతుంది. మెదడు, నరాల లక్షణాలుంటే నడుం దగ్గర నుంచి నీరు తీసి పరీక్షిస్తారు, నడుం పడిపోతుందని మనవాళ్లు భయపడతారు గానీ అలాంటిదేమీ ఉండదు.

చూపు తిరిగొస్తుందా? ఆ కళ్లు నేను చూడలేదు కాబట్టి అంకెలు చెప్పను. మాక్యులా మీద మచ్చ రకం అయితే మందు మొదలయ్యాక కొన్ని వారాల్లోనే అక్షరాలు చదవడం చూశాను, రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో చెదిరిన పొరలు మళ్లీ కుదురుకోవడం కనిపిస్తుంది. విట్రియస్‌లో మసక నెమ్మదిగా, నెలల మీద విడుస్తుంది, డిశ్చార్జి రోజుకి ఇంకా చుక్కలు కనిపిస్తుంటే మందు పనిచేయలేదని కాదు. కంటి నరం పాలిపోయి ఎండిపోతే మాత్రం పోయిన చూపు రాదు. కాబట్టి డాక్టరుని మీరు అడగాల్సింది: నరం రంగు ఎలా ఉంది, మాక్యులా ఎలా ఉంది, ఈ రోజు చూపు ఎంత ఉంది. ఆ చూపు అంకె కాగితం మీద రాయించుకోండి, తర్వాత పోల్చుకోవడానికి.

వైద్యం అయ్యాక వీడీఆర్ఎల్ మూడు, ఆరు, పన్నెండు నెలలకి, వీలైతే అదే లాబ్‌లో చేయించాలి. 1:64 కాస్తా 1:16కి గానీ అంతకంటే కిందకి గానీ దిగితే మందు పనిచేసినట్టు. టీపీహెచ్ఏ మాత్రం చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ మళ్లీ ఇంజెక్షన్లు వేయించుకోవద్దు. రేపు గల్ఫ్ పనికి మెడికల్ అంటే ఈ పరీక్ష అక్కడా ఉంటుంది, డిశ్చార్జి కాగితాలు జాగ్రత్తగా ఉంచండి. ఒకసారి వచ్చి తగ్గింది కదా ఇక రాదు అనేది కూడా లేదు, మళ్లీ సోకితే మళ్లీ వస్తుంది.

ఊళ్లో తెలిస్తే పరువు పోతుందన్నారు. పర్లాకిమిడిలో ఒక వీధిలో దగ్గితే ఇంకో వీధిలో వినపడుతుందని నాకూ తెలుసు. కంటి లోపల వాపు వచ్చింది, ఇంజెక్షన్లు వేస్తున్నారు అని చెప్పండి, అది నిజమే, అంతకుమించి ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. కంచం, తువ్వాలు, మరుగుదొడ్డి, ఒకే మంచం మీద పిల్లలు పడుకోవడం, వీటితో ఇది సోకదు, కాబట్టి ఇంట్లో మనిషిని వేరుగా పెట్టకండి. మీ నాన్నగారు మాట్లాడటం మానేశారని రాశారు. చూపు పోతుందేమో అన్న భయంతో ఉన్న మనిషి 14 రోజులు వార్డులో ఒంటరిగా పడుండలేక మధ్యలో వచ్చేస్తే కోర్సు పాడవుతుంది. ఎవరో ఒకరు దగ్గరుండాలి, మీరే ఉండండి.

మీ వదినగారి సంగతి అన్నిటికంటే అత్యవసరం. ఒంట్లో బాగానే ఉందన్నారు, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. 2022లో అమెరికాలోని మిషిగన్‌లో ఐదుగురు ఆడవాళ్లకి కంటి సిఫిలిస్ వస్తే, ఆరా తీయగా అందరికీ ఒకే మగమనిషితో సంబంధం ఉన్నట్టు తేలింది, అతనికి కంటి బాధే లేదు. అంటే లక్షణాల్లేవు కాబట్టి జబ్బు లేదనడానికి వీల్లేదు. ఊళ్లో గర్భిణులకి పరీక్షలు చేసే మమత దివస్‌లో రక్తపరీక్ష చేసి ఉంటే కార్డులో సిఫిలిస్ గడి చూడండి, మూడో నెలలో నెగెటివ్ ఉన్నా ఇప్పుడు మళ్లీ చేయించాలి, అన్నయ్య వచ్చి నెలైంది కదా. రిపోర్టు నెగెటివ్ వచ్చినా ఈ మూడు నెలల్లో కలిసి ఉన్నారు కాబట్టి ఆవిడకీ బెంజాథిన్ పెన్సిలిన్ వేస్తారు, పాజిటివ్ అయితే దశని బట్టి ఒకటి లేదా వారానికొకటి చొప్పున మూడు. గర్భిణికి పెన్సిలిన్ క్షేమం, కడుపులో బిడ్డకీ అదే మందు. ఇద్దరి వైద్యం పూర్తయ్యేవరకూ కలవకూడదు, ఇది సూటిగా చెప్పాల్సిందే.

ఆవిడకి జబ్బు ఉండి మందు అందకపోతే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు, లేదా మామూలుగా పుట్టి, ఐదేళ్లు దాటాక ఇరవై లోపు ఎప్పుడైనా నల్లగుడ్డు మీద వాపు వచ్చి పొర కట్టొచ్చు, దానితోపాటు పళ్లు గంట్లు పడటం, చెవుడు. ఐదో నెలలోనే బయటపడింది కాబట్టి ఇవన్నీ ఆపడానికి ఇంకా బోలెడు సమయం ఉంది. ఆవిడకి విషయం చెప్పాల్సింది మీ అన్నయ్యే, చెప్పలేకపోతే ఐసీటీసీ కౌన్సెలర్ ఎదుట కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. మాయమాటలు చెప్పి బలం ఇంజెక్షన్ అని వేయించకండి, ఆవిడ ఒళ్లు, ఆవిడ బిడ్డ, ఆవిడకి తెలియాలి. కాన్పు ఎక్కడ జరిగినా ఆవిడ రిపోర్టులూ, ఇంజెక్షన్లు పడ్డ తేదీలూ ఉన్న కాగితం వెంట ఉండాలి, ఎందుకంటే పుట్టగానే బిడ్డ రక్తంలో వీడీఆర్ఎల్ చేసి దాన్ని తల్లి అంకెతో పోల్చి చూశాకే బిడ్డకి మందు కావాలో లేదో తేలుస్తారు.